స్పెషల్ కానిస్టేబుల్ బ్యాడ్జీకి డిస్కవరీ కేటలాగు ఎంతవరకు పనికొస్తుంది?

బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉచితంగా నడిపే ఆన్‌లైన్ కేటలాగు పేరు డిస్కవరీ. యుద్ధకాలపు స్పెషల్ కానిస్టేబుళ్ల (జీతం లేకుండా పోలీసులకు తోడ్పడిన స్వచ్ఛంద కానిస్టేబుళ్లు) బ్యాడ్జీలు సేకరించేవాళ్లు ముందు తెరిచేది దీన్నే, ఎక్కువమంది విసుగెత్తి మూసేసేదీ దీన్నే. పేరు కొడితే మనిషి దొరుకుతాడనుకోవడం వల్లే ఆ విసుగు. ఇందులో ఉన్నవి చాలావరకు దస్తావేజుల కట్టల గురించిన రెండు మూడు పంక్తుల వివరాలు. కట్టలోని పేర్లన్నీ ఎక్కించి ఉండవు.

అందుకే వెతికే ముందు బ్యాడ్జీ ఏ ఊరి పోలీసు దళానిదో తేల్చుకోవాలి. 1914లో యుద్ధం మొదలైన కొత్తలో స్పెషల్స్‌లో చాలామందికి యూనిఫాం లేదు. చేతికి పట్టీ, లాఠీ, విజిల్, కోటు కాజాలో బ్యాడ్జీ, అంతే. బ్యాడ్జీ మీద కౌంటీ పేరో పట్టణం పేరో ఉంటే సగం పని అయినట్టే. వెనక కొట్టిన నంబరుకు మాత్రం జారీ రిజిస్టరు మిగిలి ఉంటేనే విలువ. కిరీటం ఆకారంతో కాలం చెప్పొచ్చు: 1901 నుంచి ఆరవ జార్జి దాకా ట్యూడర్ కిరీటం, ఎలిజబెత్ రాణి కాలంలో సెయింట్ ఎడ్వర్డ్ కిరీటం. చార్లెస్ రాజు మళ్లీ ట్యూడర్‌నే ఎంచుకున్నాడు కాబట్టి ఇకమీదట అదొక్కటే చూసి పాతదని నమ్మలేం.

స్పెషల్స్ సుదీర్ఘ సేవకు ఇవ్వడానికి 1919లో నెలకొల్పిన కంచు మెడల్ అంచు మీద మనిషి పేరుంటుంది, దళం పేరుండదు. ‘జె. స్మిత్’ అని ఉంటే డిస్కవరీ ఏమీ చేయలేదు. అలాంటి మెడల్‌కి ఒక బ్యాడ్జీ జోడించి ‘ఒకే మనిషివి’ అని అమ్మితే, వారెంటు కార్డు (కానిస్టేబుల్ గుర్తింపు కార్డు) లాంటి కాగితం చూపించేదాకా అదనంగా పైసా ఇవ్వక్కర్లేదు.

ఇక వెతుకులాట. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ‘స్పెషల్ కానిస్టేబుల్స్’ అని ఇంగ్లీషులో కొటేషన్ల మధ్య రాసి, ఊరి పేరు చేర్చి, తేదీలు 1914–1919 పెట్టాలి. లండన్ మెట్రోపాలిటన్ పోలీసుల ఫైళ్లు నేషనల్ ఆర్కైవ్స్‌లోనే ఎంఈపీఓ (MEPO) వరుసలో, హోం శాఖవి హెచ్‌ఓ 45 (HO 45) వరుసలో ఉంటాయి. కౌంటీ, పట్టణ దళాల కాగితాలు స్థానిక రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి కాబట్టి వాటికోసం ‘ఇతర ఆర్కైవ్స్’ ఫిల్టరు తప్పనిసరి. అయినా ఏమీ రాకపోతే ‘స్పెషల్ కానిస్టేబుల్స్’ అన్న మాటే వదిలేసి, దళం పాలన చూసిన కమిటీల వైపు నుంచి వెళ్లాలి: కౌంటీ దళమైతే స్టాండింగ్ జాయింట్ కమిటీ మినిట్స్ (సమావేశాల నమోదు పుస్తకాలు), పట్టణ దళమైతే వాచ్ కమిటీ మినిట్స్. స్పెషల్స్ ప్రమాణం చేసింది మేజిస్ట్రేట్ల ముందు కాబట్టి వాళ్ల పేర్ల జాబితాలు కోర్టు కాగితాల్లోనూ తేలతాయి. కేటలాగు వివరంలో ‘కానిస్టేబుల్’ అన్న మాటే లేని పుస్తకంలో అసలు సమాచారం ఉండటం మామూలే.

స్థానిక ఆఫీసు సొంత కేటలాగులో ఉన్నవన్నీ డిస్కవరీలోకి చేరవు. రెండూ చూసి, రిఫరెన్సు నంబరు రాసుకుని, ఆ నంబరుతోనే ఈమెయిల్ పంపితే జవాబు త్వరగా వచ్చే అవకాశం ఉంటుంది.

మొత్తంమీద డిస్కవరీకి మొదటి ప్రపంచ యుద్ధం విషయంలో ఐదుకి నాలుగు మార్కులు ఇవ్వొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం విషయంలో మూడే. అక్కడ 1939 సెప్టెంబరు 29 నాటి జనాభా రిజిస్టరే మేలు. అది చందా కట్టే వంశావళి సైట్లలో దొరుకుతుంది, కుడివైపు గడిలో కొందరికి ‘స్పెషల్ కానిస్టేబుల్’ అని రాసి ఉంటుంది. ‘పోలీస్ వార్ రిజర్వ్’ అని ఉంటే వేరే సంగతి. వాళ్లు జీతం తీసుకున్నవాళ్లు, వాళ్ల బ్యాడ్జీలూ వేరు.