ఊరు మారాక కంటి డాక్టరు: హైదరాబాద్‌లో ఆరేళ్ల వాడకం తర్వాత సమీక్ష

హైదరాబాద్‌కు మకాం మార్చి ఆరేళ్లయింది. ఇంట్లో మూడు తరాల కళ్లున్నాయి. మైనస్ ఆరున్నర పవరుకు తోడు చత్వారం వచ్చిన నడివయసు కళ్లు, గ్లకోమాకు (కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు) చుక్కలు వాడుతున్న డెబ్భై దాటిన కళ్లు, ఏటా సైట్ పెరుగుతున్న పదకొండేళ్ల కళ్లు. ఈ ఆరేళ్లలో కళ్లజోళ్ల షాపులో మిషన్ పరీక్ష, కాలనీలో ఒక్క డాక్టరు నడిపే క్లినిక్, ఊరినిండా బ్రాంచీలున్న కార్పొరేట్ కంటాసుపత్రి, నలుమూలల నుంచీ జనం వచ్చే పెద్ద సంస్థ, నాలుగూ వాడి చూశాం. తేలిందేమిటంటే ఒక ఇంటికి ఒక్క చోటు చాలదు. పవరు చూడ్డానికి, కళ్లకలకకు, కంట్లో నలుసు పడితే తీయించుకోవడానికి పావుగంటలో చేరగల క్లినిక్ ఒకటి ఉండాలి. గ్లకోమాకు, రెటీనాకు (కంటి వెనక పొర) ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే పెద్ద చోటు ఇంకొకటి ఉండాలి. బోర్డు మీద పేరు ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి మాట.

కొత్త ఊళ్లో వెతుక్కునే ముందు పాత ఊళ్లో చేయాల్సిన పని ఒకటుంది, పాత రికార్డులు అడిగి తీసుకోవడం. ఎక్కువమంది వదిలేసేదీ, తర్వాత నాలుక కరుచుకునేదీ దాని దగ్గరే. ఆఖరిసారి రాసిన చీటీ జేబులో ఉంటే చాలనుకుంటారు. కళ్లజోడు మాత్రమే వాడేవాళ్లకు అది చాలు. గ్లకోమా ఉన్నవాళ్లకు చాలదు. మందు మొదలుపెట్టక ముందు కంటి ప్రెషర్ ఎంత ఉందన్నది కొత్త డాక్టరుకు అన్నిటికంటే ముఖ్యమైన అంకె. చుక్కలతో 32 నుంచి 16కి దిగిన కన్ను వేరు, 19 నుంచి 16కి దిగిన కన్ను వేరు. కొత్త చోట కనిపించేది 16 మాత్రమే. పాత అంకె లేకపోతే ఆ చుక్కలు పనిచేస్తున్నాయో లేదో, అసలు అవసరమో కాదో తేల్చడానికి మందు ఆపి చూడాల్సి రావచ్చు. డెబ్భై దాటిన కంటితో ఆ ప్రయోగం ఎవరికి ఇష్టం?

ఫీల్డ్ టెస్ట్ (చూపు చుట్టూ ఎంతమేర ఉందో, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కించి చూసే పరీక్ష) కాగితాలు కూడా ఆఖరిది ఒక్కటే కాదు, మొదటి నుంచీ అన్నీ అడిగి తీసుకోండి. ఆ టెస్టు మొదటిసారి చేసేవాళ్లకు ఎలా నొక్కాలో తెలియక ఫలితం పాడవుతుంది. రెండో మూడోసారికి గానీ నమ్మదగ్గ కాగితం రాదు. పాతవి పోతే మళ్లీ సున్నా నుంచి మొదలు. ఓసీటీ (కంటి వెనక పొరల స్కాన్) దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఒక కంపెనీ మిషన్ ఇచ్చిన నరం మందం అంకెను ఇంకో కంపెనీ మిషన్ అంకెతో పోల్చకూడదు. సిరస్ అనే మిషన్ మీద తీసినదానికి, స్పెక్ట్రాలిస్ అనే మిషన్ మీద తీసినదానికి కొన్ని మైక్రాన్ల తేడా ఎలాగూ వస్తుంది. కన్ను మారలేదు, మిషన్ మారింది అంతే. కాబట్టి కాగితం మీద మిషన్ పేరు చూసుకుని, కొత్త ఊళ్లో ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు ఫోన్‌లో ఆ ఒక్క ప్రశ్న అడగండి: "మీ దగ్గర ఓసీటీ ఏ కంపెనీది?" రిసెప్షన్‌లో తెలియకపోతే టెక్నీషియన్‌ని అడిగి చెబుతారు. అదే మిషన్ ఉన్న చోటు దొరికితే పాత చరిత్ర పనికొస్తుంది.

ఇంకో రెండు కాగితాలు. లేసిక్ (లేజర్‌తో పవరు తీసేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు ఆపరేషన్‌కు ముందు కొలిచిన కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) వంపు అంకెలు, అప్పటి పవరు దాచుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత శుక్లం వచ్చి లోపల లెన్స్ పెట్టాల్సినప్పుడు, ఆ లెన్స్ పవరు లెక్క సరిగ్గా కుదరడానికి అవి పనికొస్తాయి. శుక్లం ఆపరేషన్ అయిపోయినవాళ్లు లెన్స్ స్టిక్కర్ అంటించిన కార్డు పారేయకండి. ఏ కంట్లో ఏ లెన్సుందో వెంటనే చెప్పేది అదే.

ఇక కొత్త ఊళ్లో. కళ్లజోళ్ల షాపులో ఉచిత పరీక్షతో మొదలెడితే తప్పు లేదు గానీ, దేనికి వెళ్తున్నామో తెలిసి వెళ్లాలి. గడ్డం ఆనించి లోపల గాలి బెలూన్ బొమ్మనో, రోడ్డు చివర ఇంటి బొమ్మనో చూపించే మిషన్ పేరు ఆటోరిఫ్రాక్టర్. అది ఇచ్చే అంకె అంచనా మాత్రమే. ఆ అంకెనే ఉన్నదున్నట్టు లెన్స్ కోసే షాపులున్నాయి, వాటికి నా మార్కులు ఐదింటికి ఒకటిన్నర. చదువుకున్న ఆప్టోమెట్రిస్ట్ (పవరు పరీక్ష నిపుణులు) ఉన్న షాపైతే మాట వేరు. నాలుగేళ్ల డిగ్రీ అది. నిజం చెప్పాలంటే రద్దీ ఓపీలో డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చే పవరు కంటే, తీరిగ్గా కూర్చోబెట్టి ఆప్టోమెట్రిస్ట్ తీసే పవరే బాగుంటుంది. అయితే జబ్బు పట్టుకోవడం, మందు రాయడం ఎంబీబీఎస్ మీద ఎంఎస్సో డీఎన్‌బీయో డీఓనో చేసిన డాక్టరు పని. తెల్లకోటు ఇద్దరికీ ఉంటుంది కాబట్టి అడిగి తెలుసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు.

పవరు సరిగ్గా తీస్తున్నారో లేదో కుర్చీలో కూర్చునే కనిపెట్టొచ్చు. అక్షరాల బోర్డు 6 మీటర్ల దూరంలో ఉండాలి, గది చిన్నదైతే అద్దం పెట్టి ఆ దూరం తెప్పించాలి. ఒక్కో కన్ను మూసి విడిగా చూడాలి. ఆఖర్న ఎరుపు పచ్చ రంగుల మీద అక్షరాలు చూపించి ఏవి స్పష్టంగా ఉన్నాయని అడగాలి. ఎరుపు మీదివే బాగున్నాయంటే మైనస్ కాస్త తక్కువైనట్టు, పచ్చ మీదివి బాగున్నాయంటే ఎక్కువ పెట్టేసినట్టు. ఇక్కడే మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మైనస్ ఇంకో పావు పెంచితే అక్షరాలు నల్లగా, చిన్నగా కనిపిస్తాయి. "ఇది బాగుంది" అనేస్తాం. నల్లగా కనిపించడం వేరు, కిందివరస అదనంగా చదవగలగడం వేరు. ఇంకో అక్షరం చదవలేకపోతే ఆ పావు వద్దనండి. అది కళ్లకు భారమై, సాయంత్రానికి నొసటి నొప్పిగా తేలుతుంది.

సిలిండర్ పవరు (ఒక దిశలోనే ఉండే పవరు) గానీ దాని యాక్సిస్ (ఆ దిశ కోణం) గానీ మారితే, పరీక్ష లెన్సులు దూర్చిన ట్రయల్ ఫ్రేమ్ పెట్టుకుని పది నిమిషాలు వరండాలో నడవనివ్వాలి. నేల వాలినట్టో మెట్లు ఎత్తుగానో అనిపిస్తే అక్కడే చెప్పొచ్చు. మా కాలనీ క్లినిక్‌లో ఇది అడగకుండానే చేయిస్తారు, నాలుగున్నర మార్కులు అందుకే. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త. షుగర్ ఎక్కువగా ఉన్న వారాల్లో పవరు తీస్తే సాధారణంగా మైనస్ వైపు జరుగుతుంది, మందు పడి షుగర్ దిగాక ఆ జోడు పనికిరాదు. అదుపులోకి వచ్చి కొన్ని వారాలు నిలకడగా ఉన్నాకే కొత్త జోడుకు డబ్బు పెట్టండి. రెటీనా పరీక్ష మాత్రం వాయిదా వేయొద్దు. టైప్ 2 అయితే షుగర్ తెలిసిన రోజు నుంచే ఏటా ఒకసారి.

కొత్త చీటీ చూసి "పవరు మారిపోయింది" అని హడలిపోయే సందర్భం ఒకటుంది. అమెరికా నుంచి వచ్చినవాళ్లకు మరీను. పాత చీటీలో మైనస్ 3.00, ప్లస్ 1.00, యాక్సిస్ 90 అని ఉంటుంది. కొత్త దానిలో మైనస్ 2.00, మైనస్ 1.00, యాక్సిస్ 180. రెండూ ఒకటే పవరు. మొదటి రెండు అంకెలు కలిపితే కొత్త మొదటి అంకె, సిలిండర్ గుర్తు తిరగేస్తే రెండోది, యాక్సిస్‌కు 90 కలిపితే మూడోది. 180 దాటితే 180 తీసేయాలి. అలాగే మామూలు చూపును అక్కడ 20/20 అని రాస్తే ఇక్కడ 6/6 అని రాస్తారు.

కంటి ప్రెషర్ ఎక్కువగా రెండు రకాలుగా చూస్తారు. ఉఫ్‌మని గాలి కొట్టే మిషన్ ఒకటి, చుక్క వేసి నీలి లైటులో చిన్న కొనను కంటికి ఆనించి చూసేది రెండోది. గోల్డ్‌మన్ అనేది ఆ రెండోదే. గ్లకోమా లేనివాళ్లకు గాలి మిషన్ చాలు. ఉన్నవాళ్లు గోల్డ్‌మన్ అడిగి చేయించుకోవాలి, కాగితం మీద సమయం కూడా రాయించుకోవాలి. ప్రెషర్ రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున చూసిన అంకెను సాయంత్రం అంకెతో పోల్చి మందు మార్చారంటే అనుమానించాల్సిందే. మామూలుగా 10 నుంచి 21 అంటారు గానీ, కార్నియా మందంగా ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, పలచగా ఉంటే తక్కువ చూపిస్తుంది. సగటు మందం 540 మైక్రాన్లకు అటూ ఇటూ. జీవితంలో ఒకసారి కొలిపించి ఫైలు అట్ట మీద రాసుకుంటే సరి.

ఒక కార్పొరేట్ బ్రాంచీలో మాకు పడనిది ఇదే. వెళ్లిన ప్రతిసారీ కొత్త డాక్టరు, ప్రతిసారీ కొత్త ఓసీటీ బిల్లు. బిల్లు కట్టే ముందు "పోయినసారిది చాలదా, ఈసారి ఏం తెలుసుకోవడానికి?" అని అడిగితే సగంసార్లు అక్కర్లేదన్నారు. మెరుస్తున్న ఫ్లోరింగ్‌కు, కాఫీ మిషన్‌కు ఐదు, వైద్యం వరస చూసుకుంటే మూడు.

పెద్ద చోటు విషయానికొస్తే, హైదరాబాద్‌లో బతికేవాళ్లు ఈ లెక్కన అదృష్టవంతులే. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలుపెట్టింది. అడుగున పల్లెల్లో విజన్ సెంటర్లు, వాటి పైన చిన్న ఆసుపత్రులు, శిఖరాన హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ, భువనేశ్వర్ కేంద్రాలు, ఇదీ దాని నిర్మాణం. ఆ అంచెల్లో ఎక్కడో ఒకచోట మీకు పాత ఫైలుంటే కొత్తగా రిజిస్టర్ చేయించుకునే ముందే ఎంఆర్ నంబరు (ఫైలు మీది రికార్డు నంబరు) చెప్పండి. మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది, డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లకు శుక్లం దగ్గర్నుంచి అన్నిటికీ దారి అదే. విశాఖకు మారేవాళ్లకు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి పెదవాల్తేరులో ఉంది.

పెద్ద చోటుకు వెళ్లే రోజును పూర్తిగా దానికే రాసిచ్చేయాలి. కంటిపాప పెద్దది కావడానికి వేసే చుక్క పనిచేయడానికే అరగంట, ఒకసారికి సరిపోకపోతే మళ్లీ వేస్తారు. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ కళ్లలో సూదుల్లా గుచ్చుతుంది. బండి తోలకూడదు. చల్లద్దాలు, తోడు మనిషి ఉండాలి. చార్జింగ్ ఉన్న ఫోన్ ఆ తోడు మనిషి చేతిలో ఉండాలి, ఎందుకంటే మందుల చీటీ మీరు చదవలేరు. ప్రెషర్, పవరు పరీక్షలు చుక్కలకు ముందే అయిపోయాయో లేదో చూసుకోండి. కాంటాక్ట్ లెన్స్ వాళ్లు ఆ రోజు కళ్లజోడుతో వెళ్లాలి.

పిల్లల దగ్గర ఒక్కటే గీటురాయి. చుక్కలు వేయకుండా పిల్లలకు మొదటిసారి సైట్ రాసిచ్చే చోటు వద్దు. పిల్లల కంటి కండరం బిగించి ఉంటుంది, ఉన్న మైనస్ కంటే ఎక్కువ చూపిస్తుంది, కొందరిలో లేని మైనస్ పుట్టిస్తుంది. ఆ కండరాన్ని సడలించే చుక్కల్లో సైక్లోపెంటోలేట్ అయితే ఒక రోజులో వదిలేస్తుంది. అట్రోపిన్ అయితే వారం పైనే చదువు కష్టం, కాబట్టి సెలవులు చూసుకుని వెళ్లండి. ఏడాదికి అరపాయింటు, ఆపైన పెరుగుతుంటే కంటిగుడ్డు పొడవు మిల్లీమీటర్లలో కొలిచే చోటుకే తీసుకెళ్లాలి. పెరుగుదలను పట్టిచ్చేది ఆ పొడవు. కళ్లజోడుకు పాలీకార్బొనేట్ లెన్స్ అడగండి. బంతి తగిలినా అంత తేలిగ్గా పగలదు.

చీటీ చేతికొచ్చాక జోడు ఎక్కడ చేయించుకోవాలన్నది మీ ఇష్టం, ఆసుపత్రి షాపులోనే కొనాలని ఎవరూ బలవంతపెట్టలేరు. చీటీలో తరచూ రాయనిది పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో లెక్క చూడండి. మైనస్ 6 లెన్స్ కేంద్రం 4 మి.మీ. పక్కకు పోతే 0.4 సెంటీమీటర్లు ఇంటూ 6, 2.4 ప్రిజం (వెలుగును పక్కకు వంచే కొలత). కళ్లు రోజంతా ఆ తేడాను లాగి సరిచేసుకుంటూ ఉంటాయి, మనం "కొత్త పవరు పడలేదు" అనుకుంటాం. ప్రోగ్రెసివ్ (దూరానికీ దగ్గరికీ ఒకే లెన్సులో గీత లేకుండా పవరు మారేది) అయితే కుడికీ ఎడమకీ విడివిడిగా పీడీ, ఫ్రేములో కంటిపాప ఎత్తు కొలవాలి. అదీ ఫ్రేమును మీ ముక్కు మీద సరిచేసి పెట్టాక, పెన్నుతో గుర్తు పెట్టి. ఒక షాపులో ఫ్రేము టేబుల్ మీద పెట్టి అంచనాగా కొలిచారు, ఆ జోడు మెట్లు దిగడానికి కూడా పనికిరాలేదు.

చేతికొచ్చిన ప్రోగ్రెసివ్‌ను లైటుకు ఎదురుగా వాల్చి చూస్తే లెన్స్ మీద 34 మి.మీ. దూరంలో రెండు సన్న గుర్తులు, సాధారణంగా కణత వైపు గుర్తు కింద దగ్గరి చూపుకు అదనంగా కలిపే పవరు అంకె, ముక్కు వైపు కంపెనీ గుర్తు చెక్కి కనిపిస్తాయి. డబ్బు కట్టిన లెన్సే వచ్చిందో లేదో అక్కడే తేలిపోతుంది. పవరును లెన్సోమీటర్ (లెన్స్ పవరు కొలిచే మిషన్) మీద వేరే షాపులో చూపించుకోండి, నిమిషం పని. పావు తేడా ఉంటే మొహమాటపడకుండా వెనక్కిచ్చేయండి.

ఆరోగ్య బీమా గురించి ఒక్క మాట. ఓపీ, కళ్లజోడు చాలా పాలసీల్లో రావు. శుక్లానికి సాధారణంగా రెండేళ్ల ఆగుడు ఉంటుంది. ఊరు మారిన ఊపులో కంపెనీ మారిస్తే, పాత పాలసీ కాలాన్ని కొత్త కంపెనీకి బదిలీ (పోర్ట్) చేయించుకోకపోతే, ఆ రెండేళ్లు మళ్లీ మొదటి నుంచీ.

అత్యవసరానికి చోటు ముందే చూసిపెట్టుకోండి. చాలా క్లినిక్కులు ఆదివారం మూసే ఉంటాయి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లటి నలుసుల వాన, పక్క నుంచి తెర దిగినట్టుండడం రెటీనా పని, అదే రోజు వెళ్లాలి, మిషన్లున్న పెద్ద చోటుకే. వరి ఆకో చెట్టు కొమ్మో గీసుకున్న కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేయకండి. ఫంగస్ ఉంటే దానికి ఎరువేసినట్టే. పాన్ డబ్బా సున్నమో, బాత్రూం యాసిడో పడితే మాత్రం డాక్టరు పేరు వెతకొద్దు, ఆటో పిలవొద్దు. ముందు కుళాయి కింద అరగంట కడగండి, రెప్పలు తెరిచి పట్టుకుని లోపలి సున్నం పలుకులు నీళ్లతోనే కొట్టుకుపోనివ్వండి, మిగిలినవి డాక్టరు తీస్తారు, ఆ తర్వాతే బయలుదేరండి.