హెపటైటిస్ సీకి ఉచిత చికిత్స: మందు భేష్, పరీక్షల దగ్గరే చిక్కు

జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని కేంద్రం 2018 జులై 28న మొదలుపెట్టింది. 2030 నాటికి, కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సీని దేశంలో లేకుండా చేయాలన్నది లక్ష్యం. ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో పరీక్షలూ మందులూ ఉచితం.

మందుకు వంక పెట్టలేం. సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) లేనివాళ్లకు సోఫోస్‌బువిర్ 400 మి.గ్రా., డక్లాటస్విర్ 60 మి.గ్రా. రోజుకు ఒక్కోటి చొప్పున 84 రోజులు. సిరోసిస్ ఉంటే డక్లాటస్విర్ బదులు వెల్పటాస్విర్ ఇస్తారు, దాంతోపాటు గ్యాస్ మాత్రలు ఇష్టమొచ్చినట్టు వేసుకోకూడదు. మానకుండా వాడితే నూటికి 90 మందికి పైగా నయమవుతుంది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బీ పరీక్ష చేశారో లేదో అడిగి తీరాలి. అదీ ఉంటే, సీ తగ్గుతుండగా బీ విజృంభించవచ్చు. గుండెకు అమియోడరోన్, టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

అసలు చిక్కు పరీక్షల దగ్గర. వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే రాపిడ్ టెస్టు చూపేది వైరస్‌తో పోరాడేందుకు ఒంట్లో తయారయ్యే యాంటీబాడీనే, అంటే వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే. కొందరికి ఆ వైరస్ మందు లేకుండానే పోతుంది. ఇప్పుడు ఉందా లేదా తేల్చేది వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో కొలిచే పరీక్ష. దానికి మళ్లీ రమ్మంటే కూలి పోగొట్టుకుని ఎంతమంది వస్తారు? రాపిడ్ పాజిటివ్ అని తేలగానే, మనిషి కుర్చీలోంచి లేవకముందే ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టనివ్వని గొట్టం) రక్తం తీసుకోవాలి. అందులోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) వేరుచేసి చల్లగా ల్యాబుకు పంపితే సగం పని అయిపోయినట్టే. టీబీ కోసం కొన్న జీన్‌ఎక్స్‌పర్ట్, ట్రూనాట్ మెషీన్లలోనూ ఈ పరీక్ష చేయొచ్చు. టీబీ, హెపటైటిస్ విభాగాలు రెండూ మాట్లాడుకుని సమయం పంచుకుంటే చాలు.

రెండో చిక్కు చివర్లో వస్తుంది. కోర్సు అయ్యాక 12 వారాలకు వైరల్ లోడ్ మళ్లీ చూస్తేనే నయమైందని రుజువు. ఒంట్లో బాగుందని చాలామంది దీన్ని వదిలేస్తారు. నయమయ్యాక కూడా యాంటీబాడీ ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే చూపిస్తుంది. గల్ఫ్ మెడికల్‌లోనో ఆపరేషన్ ముందో అది బయటపడితే, జబ్బు తిరగబెట్టిందేమోనని కంగారు. అప్పుడు చూపడానికి ఆ చివరి వైరల్ లోడ్ కాగితం ఉండాలి. జాగ్రత్త మాత్రం మానకూడదు, ఒకసారి తగ్గినా వాడిన సూదితో మళ్లీ అంటుకుంటుంది.

ఆఖరి డబ్బా చేతిలో పెట్టేటప్పుడే ఆ పరీక్ష తేదీని కార్డు మీద రాయించుకోండి. జిల్లా నివేదికల్లోనూ ఎంతమందికి మందిచ్చారన్న లెక్క పక్కనే, ఎంతమందికి ఈ చివరి పరీక్షలో వైరస్ కనిపించలేదో కూడా చూపాలి.