భోగాపురం వైపు ప్లాటా, ఇండెక్స్ ఫండా?

ఈ మధ్య విశాఖలో నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. స్టీల్‌ప్లాంట్‌లో వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు, పోర్టులో రిటైరైనవాళ్లు, మధురవాడలో ఐటీ ఉద్యోగం చేస్తూ నాలుగు డబ్బులు వెనకేసుకున్న కుర్రాళ్లు, అందరిదీ ఒకటే సందేహం. "చేతిలో ముప్పై లక్షలున్నాయి. భోగాపురం వైపు స్థలం తీసుకోమంటారా, మ్యూచువల్ ఫండ్‌లో వేయమంటారా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, నేను ఈ రెండిటినీ ఎలా తూచి చూస్తానో ఇక్కడ రాస్తున్నాను. లేఅవుట్ అంటే ప్లాట్లుగా విడగొట్టి అమ్మే స్థలం, ఇండెక్స్ ఫండ్ అంటే నిఫ్టీ 50 లాంటి సూచీలో ఉన్న షేర్లనే అదే పాళ్లలో కొనే మ్యూచువల్ ఫండ్. అంతకు మించి వివరంగా చెప్పను. అవి తెలిసినవాళ్లే అడుగుతున్నారు.

స్థలం మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు ఊరికి దూరం అనిపించిన మధురవాడ, పీఎం పాలెం వైపు తక్కువకు కొని అట్టేపెట్టుకున్నవాళ్లు ఎలా బాగుపడ్డారో ప్రతి కుటుంబానికీ తెలుసు. ఇప్పుడు ఆ వరస తగరపువలస దాటి భోగాపురం దాకా వెళ్లింది. అక్కడి అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025లో టీసీఎస్‌కు రుషికొండ దగ్గర భూమి ఇచ్చారు, అదే ఏడాది అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది. ప్రతి కబురుకీ హైవే పక్కన కొత్త లేఅవుట్ బోర్డులు లేస్తున్నాయి. ఈ ఊపు మనకు కొత్త కూడా కాదు. 2019 డిసెంబరులో విశాఖ కార్యనిర్వాహక రాజధాని అవుతుందన్న మాట వినిపించినప్పుడూ రేట్లు ఇలాగే పైకి లేచాయి. ఆ మాట తర్వాత నిలబడలేదు, అందరం చూశాం. అంటే మనం కొనే రేటులో సగం భూమి విలువైతే, మిగతా సగం ఇంకా జరగని పని మీద పెట్టుకున్న ఆశ. ఆశ నెరవేరచ్చు. కానీ దాని ధర మనం ముందే కట్టేస్తున్నాం.

ఒక చిన్న లెక్క చూద్దాం. ముప్పై లక్షలకు ప్లాటు కొన్నారు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం, అంటే రెండు లక్షల పాతికవేలు. బ్రోకరుకు ఒక శాతం. మీ చేతి నుంచి పోయింది దాదాపు ముప్పై రెండున్నర లక్షలు. పదేళ్లకు అది అరవై లక్షలైంది అనుకుందాం. "డబల్ అయింది" అని సంబరపడతాం. అమ్మేటప్పుడు బ్రోకరుకు మళ్లీ ఒక శాతం, లాభం మీద 12.5 శాతం పన్ను పోతే, మిగిలింది ఏడాదికి ఐదున్నర శాతం చొప్పున పెరిగినట్టు. బ్యాంకులో ఎఫ్‌డీ వేసినా ఆ చుట్టుపక్కలే వస్తుంది.

అవతలి వైపు చూస్తే, యాభై పెద్ద కంపెనీల షేర్ల ధరలను కొలిచే నిఫ్టీ 50 సూచీ 1995 నవంబరులో 1000 దగ్గర మొదలైంది. 2024 చివరికి 23,600 దగ్గరుంది. డివిడెండ్లు కలపకుండానే ఇది ఏడాదికి పదకొండున్నర శాతం చక్రవడ్డీ. ముందు ముందు కూడా ఇంతే వస్తుందన్న హామీ లేదు. అయినా దానితో సమానంగా నిలబడాలంటే మీ ముప్పై లక్షల ప్లాటు పదేళ్లలో అరవై దగ్గర ఆగితే చాలదు, కోటి దగ్గరకు వెళ్లాలి. వెళ్లిన ప్లాట్లు ఉన్నాయి. అదే ధరకు అదే రోడ్డు మీద కొని, అక్కడే ఆగిపోయిన ప్లాట్లూ ఉన్నాయి. వాటి గురించి ఎవరూ పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పుకోరు.

నిజానికి రాబడి లెక్క నా దృష్టిలో రెండో విషయమే. అసలు విషయం, అవసరం వచ్చిన రోజు డబ్బు ఎలా తిరిగి చేతికొస్తుంది అన్నది. కొనేటప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. నేను మాత్రం దీని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

మా చిన్నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం తగరపువలస అవతల రెండు వందల గజాల మీద పెట్టారు. పిన్నికి గుండె ఆపరేషన్ పడింది. కావలసింది ఆరు లక్షలు. చేతిలో ఉన్నది నలభై లక్షల ఆస్తి అని మేమంతా అనుకునేవాళ్లం. అమ్మకానికి పెట్టాక కదా తెలిసింది, నలభై అన్నది అడిగే రేటు, పలికే రేటు వేరని.

మొదట వచ్చిన పార్టీ స్థలం చూస్తామంది. వెళ్లి చూస్తే తుప్పలు మనిషెత్తు పెరిగాయి, నాలుగు సరిహద్దు రాళ్లలో రెండు కనబడలేదు. సర్వేయర్‌తో కొలిపించి రాళ్లు వేయిస్తే మాట్లాడదామని వెళ్లిపోయారు. రెండో పార్టీకి స్థలం నచ్చింది, రేటూ కుదిరింది. కానీ ప్రభుత్వ విలువకే రిజిస్ట్రేషన్ చేసుకుంటాం, మిగతాది నోట్ల కట్టలుగా ఇస్తాం అన్నారు. స్థిరాస్తి లావాదేవీలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. పట్టుబడితే ఎంత తీసుకున్నామో అంతా జరిమానాగా పోతుంది. పైగా ఆ నోట్లు బ్యాంకులో వేయలేం, ఎక్కడివని అడిగితే చెప్పలేం. చిన్నాన్న ఒప్పుకోలేదు. ఆ తర్వాత బ్రోకరే ఒకరోజు ఇంటికొచ్చి, "అర్జెంటు అమ్మకం అని తెలిస్తే ఎవరైనా తగ్గించే అడుగుతారు బాబాయ్, మనం ఒక మెట్టు దిగాలి" అన్నాడు. ఆపరేషన్ డబ్బు చివరికి పిన్ని నగలు తాకట్టు పెట్టి, మా తమ్ముడు తీసుకున్న పర్సనల్ లోనుతో సర్దుబాటైంది.

"స్థలం ఉంది గదా అని ధీమాగా ఉన్నాన్రా. ఆస్పత్రోళ్లు స్థలం తీసుకుంటారా ఏటి?" అన్నారు చిన్నాన్న, ఆస్పత్రి వరండాలో.

ఆయనకు కావలసింది ఆరు లక్షలు. రెండు వందల గజాల్లో ఆరు లక్షల ముక్క కోసి అమ్మడం కుదరదు. అమ్మితే మొత్తం అమ్మాలి, లేదా మొత్తం ఉంచుకోవాలి. అదే డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో ఉంటే సోమవారం ఫోన్లో రిడెంప్షన్ పెడితే, అంటే డబ్బు వెనక్కి ఇమ్మని అడిగితే, బుధవారానికో గురువారానికో, ఆరు లక్షలకు ఆరు లక్షలే బ్యాంకు ఖాతాలో పడేవి. మిగతాది కదలకుండా ఉండేది. అమ్మడం ఇష్టం లేకపోతే ఆ ఫండ్ యూనిట్ల (ఫండ్‌లో మన వాటాల) మీద దాదాపు సగం విలువ దాకా అప్పు ఇచ్చే బ్యాంకులున్నాయి. ఊరి బయటి ఖాళీ స్థలం మీద అప్పంటే అవే బ్యాంకులు వెనకాడతాయి.

పన్నులో కూడా ఈ తేడా పనిచేస్తుంది. ఏడాది దాటిన ఈక్విటీ ఫండ్ (ఇండెక్స్ ఫండ్ లాగా షేర్లలో పెట్టే ఫండ్) మీద లాభంలో ఏటా లక్షా పాతికవేల దాకా పన్ను లేదు, ఆ పైదానికి 12.5 శాతం. కొంచెం కొంచెంగా, ఏటేటా తీసుకుంటే చాలామంది మధ్యతరగతి వాళ్లకు పన్ను నామమాత్రమే. ప్లాటు లాభమంతా ఒక్క ఏడాదిలో నెత్తిన పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది, మనవాళ్లు నోటితో అనడానికి ఇష్టపడరు గానీ. ఇద్దరు పిల్లలు, ఒకరు ఇక్కడ, ఒకరు డాలస్‌లో. పెద్దాయన పోయాక ప్లాటు అమ్మాలంటే వారసుల సర్టిఫికెట్ కావాలి, అక్కడివాడు పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి, ఇద్దరికీ ఒకే రేటు నచ్చాలి. ఫండ్ యూనిట్లకు నామినీల పేర్లు, ఎవరి వాటా ఎంతో ముందే రాసిపెట్టచ్చు.

ఇప్పుడు ఫండ్ వైపు కష్టం కూడా చెప్పాలి. అది చిన్నది కాదు. 2008 జనవరిలో 6,300 దాటిన నిఫ్టీ అదే ఏడాది అక్టోబరుకు 2,250 దాకా పడిపోయింది. ఆ పాత ఎత్తును గట్టిగా దాటేసరికి 2014 వచ్చింది. 2020లో కరోనా దెబ్బకు జనవరిలో 12,400 దగ్గరున్నది మార్చి 24న 7,511ని తాకింది. అది మాత్రం నవంబరుకల్లా కోలుకుంది. మీ ముప్పై లక్షలు ఫోన్లో పద్దెనిమిదిగా కనబడుతుంటే రాత్రి నిద్ర పడుతుందా? ప్లాటు ధర రోజూ కనబడదు కాబట్టి ఆ టెన్షన్ ఉండదు. ప్లాటుకున్న అతి పెద్ద బలం ఇదే అని నేను ఒప్పుకుంటాను. చాలామంది స్థలంతో బాగుపడింది అది గొప్పదై కాదు, పదిహేనేళ్లు దాని జోలికి వెళ్లక. అందుకే ఏడేళ్లలోపు కచ్చితంగా కావలసిన డబ్బు ఇండెక్స్ ఫండ్‌లోనూ వేయవద్దంటాను. అమ్మాయి పెళ్లి రెండేళ్లలో ఉందంటే ప్లాటూ వద్దు, ఫండూ వద్దు.

ఫండ్ అన్నానని ఏ ఫండైనా అనుకోకండి. బ్యాంకులో మీ ఖాతాలో రిటైర్‌మెంట్ డబ్బు పడగానే ఫోన్ చేసి "సార్, కొత్త ఎన్‌ఎఫ్‌ఓ, అంటే కొత్త ఫండ్ వచ్చింది", "ఇన్సూరెన్సూ కలిసొస్తుంది సార్" అనేవాళ్లు అమ్మేది కమిషన్ ఉన్న సరుకు. 2020 ఏప్రిల్‌లో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ కంపెనీ ఆరు డెట్ పథకాలను (బాండ్లలో పెట్టే ఫండ్లను) ఒక్కసారిగా నిలిపేసింది. డబ్బు తర్వాత వచ్చింది గానీ, కావాలనుకున్న రోజున రాలేదు. ఎక్కువ వడ్డీ కోసం తేలిగ్గా అమ్ముడుపోని బాండ్లు కొన్న పథకాలవి. ఫండ్‌లోనూ నేను చూసేది ఇదే, లోపల ఉన్నది ఎంత తేలిగ్గా అమ్ముడుపోతుందని. నిఫ్టీ 50లో ఉన్న షేర్లు మార్కెట్ తెరిచిన ప్రతిరోజూ కొనేవాళ్లున్నవి. ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్ తీసుకుంటే ఖర్చూ తక్కువ.

రిటైరైనవాళ్లకు మాత్రం వీటికన్నా ముందు పోస్టాఫీసు చూపిస్తాను. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒకరి పేరు మీద 30 లక్షల దాకా వేయచ్చు. వడ్డీ 8.2 శాతం ఉంది, ఖాతా తెరిచిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. ముప్పై లక్షలకు మూడు నెలలకోసారి 61,500 చేతికొస్తుంది. అరవై నిండనక్కర్లేదు, వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లు యాభై ఐదుకే చేరచ్చు, కాకపోతే డబ్బు అందిన మూడు నెలల్లోపు వేయాలి. ఆ గడువు దాటిపోకుండా చూసుకోండి. మధ్యలో కావాలంటే, ఏడాది దాటాక ఒకటిన్నర శాతం, రెండేళ్లు దాటాక ఒక శాతం కోసుకుని అసలు ఇచ్చేస్తారు. బేరాలు లేవు, బ్రోకర్లు లేరు. ఇంటి ఖర్చు దీంతో గడిచాక మిగిలింది ఇండెక్స్ ఫండ్‌లో వేసి మరిచిపోవచ్చు.

మిగతావి క్లుప్తంగా. ఎఫ్‌డీ మంచిదే, ఒక్కో బ్యాంకులో ఐదు లక్షల వరకే బీమా ఉందని గుర్తుంచుకుని రెండు మూడు బ్యాంకుల్లో వేయండి. అద్దె కోసం ఫ్లాటు కొంటే ఎంవీపీ కాలనీలోనైనా అద్దె రెండు మూడు శాతం మించదు. బంగారం ఇంట్లో ఉన్నది చాలు. ఎఫ్ అండ్ ఓ, అంటే షేర్ల ధరల మీద పందెంలాంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్ జోలికి అసలు వెళ్లవద్దు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. నెలనెలా కడితే చివర్లో ప్లాటు ఇస్తామనే పథకాలకు అగ్రిగోల్డ్ బాధితుల కథ ఒక్కటి చాలు.

ఇంత చెప్పినా స్థలమే కొంటాం అనేవాళ్లుంటారు. ఇల్లు కట్టుకోవడానికైతే నేనే కొనమంటాను, అది పెట్టుబడి కాదు, అవసరం. ఎందుకు కొన్నా, "వీఎంఆర్‌డీఏ ప్రపోజ్డ్" అని రాసిన బ్రోచర్‌ను నమ్మవద్దు. లేఅవుట్లకు అనుమతిచ్చే ఆ వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అప్రూవల్ నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ఏపీ రెరా ఇచ్చే నంబరు రెండూ ఉండాలి. రెరా నంబరు రాకముందే ప్రీ లాంచ్ ఆఫర్ పేరుతో అమ్మడం చట్టవిరుద్ధం. లేఅవుట్‌లో కొన్ని ప్లాట్లు రోడ్లు, డ్రైన్లు పూర్తయ్యేదాకా వీఎంఆర్‌డీఏ దగ్గర తనఖాలో ఉంటాయి. మీకు చూపించిన నంబరు అందులో లేదని ప్లానులో చూసుకోండి. ఈసీ (స్థలం మీద ఉన్న రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), 22ఎ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) మూడూ లాయరుతో చూపించండి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి) అయితే ఎంత చవకైనా వదిలేయండి. సింహాచలం దేవస్థానంతో భూవివాదం ఉన్న పంచగ్రామాల్లో సొంత ఇల్లు కట్టుకుని తరాలుగా ఉంటూ కూడా, అమ్మలేక, రిజిస్ట్రేషన్ కాక ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో మన ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

ఇప్పటికే రెండు మూడు ప్లాట్లు ఉన్నవాళ్లు కూడా నన్ను అడుగుతున్నారు. ఏ అవసరం లేని ఈ రోజుల్లోనే ఒకటి అమ్మకానికి పెట్టండి. తుప్పలు కొట్టించి, కొలిపించి, నాలుగు రాళ్లూ వేయించండి, కొత్త ఈసీ తీయించండి. మొత్తం చెక్కు మీద ఇచ్చే పార్టీ దొరికేదాకా ఆగండి, తొందరేమీ లేదు కాబట్టి ఆగగలరు. వచ్చిన డబ్బులో ముందు పన్ను వాటా పక్కన పెట్టి, మిగతాది ఏడాది పాటు నెలకింత చొప్పున ఫండ్‌లోకి మార్చుకోండి.