కోసి చూడడమా, తెరమీద చూడడమా: అనాటమీ ల్యాబుకు ఏది మేలు?

ఇంటర్ బైపీసీ ఫలితాలు వచ్చినప్పటి నుంచి కౌన్సెలింగు ముగిసేదాకా తిరుపతిలో అనాటమీ పాఠాలు చెప్పే నా సలహా కోసం మా ఇంటికి వచ్చే తల్లిదండ్రులు ఫీజు తర్వాత అడిగే రెండో ప్రశ్న ల్యాబు గురించే. మొన్న చంద్రగిరి నుంచి ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన చూసివచ్చిన రెండు కాలేజీల్లో ఒకదానిలో మంచమంత డిజిటల్ టేబుల్ ఉందట. వేలితో తాకితే చర్మం తొలగి కండరాలు, కండరాలు తొలగి నరాలు రంగురంగులుగా బయటపడుతున్నాయట. రెండోదానిలో శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ వాసన, ఉక్కు బల్లలు, చేతులు పడిపడి నున్నబడిన ఎముకలు తప్ప కంటికి ఇంపైనది ఏదీ లేదట. "ఏది మేలు మేడం?" అని ఆయన అడిగితే, "ఏ కోర్సుకు సార్?" అని నేను తిరిగి అడగవలసి వచ్చింది.

ఎందుకంటే ఎంబీబీఎస్‌లో చేరినవారికి ఈ ఎంపిక పెద్దగా ఉండదు. 1960లో మొదలైన మన ఎస్వీ మెడికల్ కాలేజీ మొదలుకొని కొత్త కాలేజీల దాకా మొదటి సంవత్సరంలో శవవిచ్ఛేదన పాఠంలో భాగమే. ఆయుర్వేదం చదివేవారికీ రచనాశారీరంలో, అంటే వాళ్ల అనాటమీలో, అది ఉంటుంది. శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, ఆ తర్వాత వట్టివేళ్ల కుంచెతో మెల్లగా రుద్దుతూ పొర పొరగా చూడమని సుశ్రుతుడు చెప్పిన పద్ధతిని వాళ్లు చదువుకుంటారు. కత్తి పెట్టకుండానే పొరలు విప్పాలన్న ఆ ఆలోచన నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. అసలు తికమక అంతా నర్సింగు, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు, బీఎస్సీ జువాలజీ చదవబోయే పిల్లలది. వీరికి ఒక్కో కాలేజీలో ఒక్కో ఏర్పాటు ఉంటుంది కాబట్టి పోల్చి చూసుకోవడం అవసరం.

ముందు స్వయంగా కోయడం గురించి చెబుతాను. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా టేబుల్ మీద ఒక పెద్దావిడ దేహం ఉండేది. ఆమె ముంజేతి మీద పచ్చబొట్టు వెలిసిపోయి, ఏమిటో పోల్చుకోలేనట్టుగా ఉండేది. చర్మం తీయడం మొదలుపెట్టినప్పుడు పైపొర పలచగా ఊడివచ్చి, కింద అదే పచ్చబొట్టు నిన్న పొడిచినట్టు స్పష్టంగా బయటపడింది. రంగు పైపొరలో కాక దాని కింది డెర్మిస్‌లో నిలుస్తుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. దాన్ని నేను మళ్లీ చదువుకోవలసిన అవసరం రాలేదు. అదే వారం చంక భాగం విప్పుతూ, అడ్డుగా ఉన్న ఒక తెల్లని పోగును కొవ్వులోని నారపోగు అనుకుని ఫోర్సెప్స్‌తో పట్టి లాగేశాను. మా డెమాన్‌స్ట్రేటర్ సార్ వంగి చూసి, "అమ్మా, ఈమె భుజం కింద లోపలివైపు స్పర్శ నువ్వే తీసేశావు" అన్నారు. అది ఇంటర్‌కాస్టోబ్రేకియల్ నరం. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులను తీసేటప్పుడు దెబ్బతినే నరాల్లో అదొకటని, ఆ తర్వాత కొందరు రోగులు చేతి లోపలివైపు మొద్దుబారిందని చెప్పేది ఇందువల్లనేనని ఆ పూటే తెలిసింది. తెరమీద నరం పసుపు రంగులో ఉంటుంది, ధమని ఎరుపు, సిర నీలం. బల్లమీద అన్నీ ఒకే మట్టిరంగులో, ఒకే కొవ్వులో కూరుకుని ఉంటాయి. వేటిని వేరుచేయాలో, ఎక్కడ ఆగాలో చేతికి తెలియడమే ఈ ల్యాబులో నేర్చుకునే విద్య.

అయితే ఈ పద్ధతికి ఉన్న లోపాలను దాచడం న్యాయం కాదు. ఫార్మలిన్ అంటే నీటిలో కరిగిన ఫార్మాల్డిహైడ్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. గాలి ఆడని గదిలో రెండు గంటలు నిలబడితే కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది, విచిత్రంగా ఆకలి కూడా వేస్తుంది. గ్లౌజులు తీసి, సబ్బుతో నాలుగుసార్లు కడుక్కుని మెస్సుకు వెళ్లినా సాంబారన్నం ముద్దలో ఆ వాసన తగులుతూనే ఉంటుంది. దానికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ఒక టేబుల్ చుట్టూ పది పదిహేనుమంది నిలబడితే స్కాల్పెల్ (కోసే చిన్న కత్తి) ఇద్దరి చేతుల్లోనే తిరుగుతుంది, మిగిలినవారు మాన్యువల్ చదివి వినిపిస్తారు లేదా కిటికీలోంచి చూస్తారు. అటువంటి చోట "మా కాలేజీలో డిసెక్షన్ ఉంది" అన్న మాటకు అర్థం పెద్దగా లేదు.

ఆ పది పదిహేనుమందిలో వెనక వరుసలో నిలబడే పిల్లకు, అనుభవమున్న చేతులు ముందే విప్పి సిద్ధం చేసిన భాగాలే మేలు. ప్రోసెక్షన్లు అనే ఈ నమూనాల్లో ఒక చేయి, ఒక మోకాలు, సగానికి కోసిన తల విడివిడిగా ట్రేలలో ఉంటాయి. విద్యార్థి వాటిని పట్టుకుని తిప్పి చూడవచ్చు, వేలు పెట్టి తడమవచ్చు. ల్యాబ్ టెక్నీషియన్ పిల్లలకు నేను ముందుగా చూపించేది మోచేతి మడత. రక్తం తీసే మీడియన్ క్యూబిటల్ సిర పైన ఉంటుంది, బ్రేకియల్ ధమని కింద ఉంటుంది, రెంటి మధ్య బైసెప్స్ నుంచి వచ్చే ఒక పలుచని పొర మాత్రమే అడ్డం. ఆ పొరను గోటితో తట్టి చూసినవారు సూదిని నిటారుగా దించడానికి భయపడతారు, ఆ భయం వాళ్లకు అవసరం కూడా. ఫార్మలిన్‌లో ఉంచిన ప్రోసెక్షన్లు గాలికి ఎండుతాయి, ఏటేటా నరాలు ఒక్కొక్కటే తెగిపోతాయి. 1977లో హైడెల్‌బెర్గ్‌లో గుంథర్ వాన్ హాగెన్స్ కనిపెట్టిన ప్లాస్టినేషన్ పద్ధతిలో కణజాలంలోని నీటిని అసిటోన్‌తో, ఆ అసిటోన్‌ను సిలికాన్ వంటి పాలిమర్‌తో మార్చేస్తారు కాబట్టి వాసన ఉండదు, ఏళ్ల తరబడి నిలుస్తాయి. బిరుసెక్కి వంగకపోవడమే వాటి ఇబ్బంది.

మానవ దేహం అందుబాటులో లేని కాలేజీల్లో మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక గుండెను చిన్నచూపు చూడకూడదు. గుండె పాఠం వరకు నేను దాన్ని డిజిటల్ టేబుల్ కంటే పై మెట్టులో పెడతాను. కొట్టతనికి మాత్రం ముందే చెప్పాలి, గుండెను చీల్చవద్దని, పైన గొట్టాలు పొడుగ్గా ఉంచమని. చెప్పకపోతే అలవాటుగా రెండు చెక్కలు చేసి పొట్లం కట్టి ఇస్తాడు. పై గదులైన కర్ణికలను కత్తిరించి తీసేసి, కింది గదుల్లో కుడిదైన కుడి జఠరికలో నీళ్లు నింపి, గుండెను రెండు అరచేతుల మధ్య మెల్లగా నొక్కితే, అప్పటిదాకా లోపల అతుక్కుని ఉన్న ట్రైకస్పిడ్ కవాటపు రేకులు ఒక్కసారిగా ఉబ్బి పైకి లేచి మూసుకుంటాయి. వాటిని కింది నుంచి పట్టి ఉంచే దారాలు బిగుసుకోవడం కంటికి కనిపిస్తుంది. ఎడమ గోడను, కుడి గోడను చెరో వేలితో పట్టి చూస్తే, దేహమంతటికీ రక్తం తోసే గోడ ఎందుకు అంత మందంగా ఉందో, పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోసే గోడ ఎందుకు పలచగా ఉందో వివరించి చెప్పనక్కర్లేదు. ఇంట్లో మాంసం ముట్టని పిల్లలు మొదటిరోజు వెనక్కి తగ్గుతారు. వాళ్లను బలవంతపెట్టకుండా నీళ్లు పోసే పని అప్పగిస్తే, పది నిమిషాల్లో వాళ్లే ముందుకు వచ్చి వంగి చూస్తారు. అయితే మేక మనిషి కాదు. మేక మూత్రపిండంలో లోపలి పిరమిడ్లు కలిసిపోయి ఒకే గట్టులా ఉంటాయి, మనిషిలో అవి విడివిడిగా ఉంటాయి; నాలుగు కాళ్ల మీద నడిచే జంతువు కాబట్టి మెదడులో సెరిబెల్లం (చిన్నమెదడు) కిందికి కాక వెనక్కి ఉంటుంది. ఈ తేడాలు చెప్పకుండా రికార్డులో మేక బొమ్మ వేయించి దాని కింద మనిషి పేర్లు రాయించడం నేను చూశాను. అది మేక తప్పు కాదు.

ఇక తెర సంగతి. డిజిటల్ టేబుల్ చేయగలిగే పనులు కొన్ని శవం ఎప్పటికీ చేయలేదు. ఒక అడ్డకోతను పైకీ కిందికీ జరుపుతూ, రేపు సీటీ స్కాన్‌లో కనిపించబోయే బొమ్మను ఈరోజే అలవాటు చేసుకోవచ్చు. తీసేసిన కండరాన్ని మళ్లీ అక్కడే పెట్టవచ్చు. నేను లాగేసిన నరాన్ని ఎవరూ తిరిగి అతికించలేకపోయారు. వాసన లేదు, కాలుష్యం లేదు, పరీక్ష ముందు రాత్రి హాస్టల్లో ఫోన్ యాప్‌లో స్పాటర్లు (చూసి పేరు చెప్పవలసిన నమూనాలు) తిరగేసుకోవచ్చు. కానీ ఆ తెర వెనక ఉన్నది ఎవరి దేహమో అడగాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994లో ఒక పురుషుడి దేహాన్ని 1 మిల్లీమీటరు మందంతో 1,871 కోతలుగా తీసిన ఛాయాచిత్రాలను విడుదల చేసింది, 1995లో ఒక స్త్రీ దేహాన్ని 0.33 మిల్లీమీటరు మందంతో అలాగే అందించింది. ఇటువంటి ఇద్దరు ముగ్గురి దేహాల మీద కట్టిన తెరమీద ఏ టేబుల్ దగ్గరికి వెళ్లినా మూత్రపిండపు ధమనులు అవే ఇద్దరు ముగ్గురివి కనిపిస్తాయి. డిసెక్షన్ హాల్లో మూడో బల్ల దగ్గర ఒక్కటి, నాలుగో బల్ల దగ్గర రెండు ఉంటాయి. మొదటి సంవత్సరంలోనే "పుస్తకంలో లేదు కదా" అన్న తగువు మొదలవుతుంది.

మనిషికీ మనిషికీ ఉండే ఇటువంటి తేడా చూడడానికి శవం కూడా అక్కర్లేదు. బొటనవేలిని చిటికెనవేలికి ఆనించి, మణికట్టును కొంచెం లోపలికి వంచితే ముంజేతి మధ్యలో ఒక టెండన్ (కండరాన్ని ఎముక వంటి వాటికి కట్టే నార) తాడులా లేస్తుంది. అది పాల్మారిస్ లాంగస్ అనే ముంజేతి కండరానిది. కొందరికి అది ఒక చేతికే ఉంటుంది, కొందరికి రెండు చేతులకూ ఉండదు, దానివల్ల పట్టులో లోటేమీ ఉండదు. నా మొదటి క్లాసు ఎప్పుడూ దీనితోనే మొదలవుతుంది.

ప్లాస్టిక్ బొమ్మల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మొదటి వారం భయం పోగొట్టడానికి, పేర్లు నోటికి రావడానికి అవి చాలు.

ఫిజియాలజీ ల్యాబులో ఇదే పోలిక వేరే రూపంలో వస్తుంది. కప్ప పిక్క కండరాన్ని కరెంటుతో కదిలించి మసిపట్టిన డ్రమ్ము మీద గీతలు గీయించిన కాలం పోయింది, ఆ ప్రయోగాలు ఇప్పుడు కంప్యూటరు మీదికి మారాయి. దానివల్ల ఏమీ పోలేదని నా అభిప్రాయం. వేలిడు కప్పను చంపి తెలుసుకున్న గీతనే తెర కూడా చూపుతుంది. రక్త పరీక్షల్లో మాత్రం నేను మిషన్ పక్షం వహించను. హిమోగ్లోబిన్ కొలిచే సాహ్లి పద్ధతిలో 20 ఘనపు మిల్లీమీటర్ల సొంత రక్తాన్ని పీల్చి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కలిపి, పది నిమిషాలు ఆగి, చుక్క చుక్కగా నీళ్లు కలుపుతూ పక్కనున్న గాజుముక్క రంగుకు సరిపోల్చాలి. కచ్చితత్వంలో రక్తపరీక్ష మిషన్ అయిన ఆటోఎనలైజర్‌తో ఇది పోటీపడలేదు, చూసే కంటిని బట్టి అంకె మారుతుంది. కానీ ఒక ఏడాది నా క్లాసులో ఒక అమ్మాయి తన రక్తం రంగు గాజుముక్కతో సరిపోయేసరికి గొట్టం మీద గీత 9 దగ్గరే ఆగిపోయిందని గమనించి, తాను తప్పు చేశానేమోనని మూడుసార్లు చేసింది. స్త్రీలకు 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని మధ్యాహ్నం క్లాసులో చెప్పబోయేది నేనే. తెల్లకణాలను గళ్లు గీసిన గాజుపలక మీద లెక్కించేటప్పుడు నాలుగు మూలల గదుల్లో వచ్చిన సంఖ్యను 50తో గుణించమని చెబితే పిల్లలు గుణిస్తారు. ఎందుకు 50 అంటే, రక్తాన్ని 20 రెట్లు పలుచన చేశాం, చూసిన ఘనపరిమాణం 0.4 ఘనపు మిల్లీమీటరు, 20ని 0.4తో భాగిస్తే 50 అని ఒక్కసారి బల్లమీద చేసినవారికి రేపు మిషన్ తప్పుడు అంకె ఇచ్చినప్పుడు అనుమానం రావడానికి ఆస్కారం ఉంటుంది.

అందువల్ల నా లెక్క ఇది. నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ పిల్లలకు సొంతంగా కోయడం తప్పనిసరి కాదు. మంచి ప్రోసెక్షన్లు, ఇంటికి ఇచ్చే ఎముకల సెట్టు, మేక గుండె, సొంత వేలి రక్తం ఉంటే చాలు, తెర అదనపు లాభం. జువాలజీకి జంతు అవయవాలూ తెరా సరిపోతాయి. ఫిజియోథెరపీకి మాత్రం కాళ్లు చేతులు కనీసం ఒక్కసారైనా పొర పొరగా విప్పి చూడాలి, ఎందుకంటే జీవితాంతం వాళ్లు చర్మం పైనుంచి తడిమి లోపల ఏముందో చెప్పవలసినవారు.

చంద్రగిరి నాన్నగారి అమ్మాయి చేరబోయేది ఫిజియోథెరపీలోనే. రెండో కాలేజీకి మళ్లీ వెళ్లి, ప్రిన్సిపాల్ గదిలో కాకుండా హాస్టల్ దగ్గర రెండో సంవత్సరం పిల్లలను కలిసి, స్కాల్పెల్ తమ చేతికి ఎన్నిసార్లు వచ్చిందో, ఒక టేబుల్‌కు ఎంతమంది నిలబడ్డారో, ఎముకలను గదికి తీసుకెళ్లనిస్తారో లేదో అడగమన్నాను. మొదటి కాలేజీలో ఆ డిజిటల్ టేబుల్ పక్కన ల్యాబు టైంటేబుల్ అతికించి ఉందో లేదో చూడమన్నాను. టైంటేబుల్ లేని తెర అడ్మిషన్ల కోసం పెట్టినదే అయ్యే అవకాశం ఎక్కువ. మేం మాట్లాడుతున్నంతసేపూ ఆ అమ్మాయి మణికట్టు వంచి చూసుకుంటూనే ఉంది. రెండు చేతులకూ టెండన్ లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వాళ్ల నాన్న చేయి పట్టుకుని అదే చేయించింది, ఆయనకు ఎడమచేతికి లేదు.