వరి మడిలో కన్నాల పైపు: కొన్ని యాసంగుల వాడకం తర్వాత

బోరు కింద వరి వేసేవాళ్లకు మార్చి నెలంటేనే టెన్షన్. బోరు ఆగి ఆగి పోస్తుంటుంది. మడి పైన మట్టి ఆరి సన్నగా నెర్రెలు మొదలవుతాయి, పంట పోయినట్టే అనిపిస్తుంది. అప్పుడు నేల కింది నీటిమట్టం తెలిసేలా మడిలో పాతిన కన్నాల పైపులోకి వంగి చూస్తే బెత్తెడు లోతులోనే నీళ్లు కనిపిస్తాయి. వేర్లకు అవి అందుతూనే ఉన్నాయి. నేల కింద ఏముందో కంటికి చూపించే ఈ ఒక్క గుణానికే నాకు ఈ పైపంటే అంత ఇష్టం. నీళ్లు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే ఇప్పుడు మోటారు వేస్తున్నాను. పైన ఆరితే చాలు స్టార్టర్ దగ్గరికి పరుగెత్తే రోజులు పోయాయి.

ఒక యాసంగిలో మాత్రం బాగా భయపెట్టింది. పిలకలు వేసే దశ. పైపులో నీళ్లు నిండుగా ఉన్నాయి, కానీ మధ్యాహ్నానికి ఆకులు చుట్టుకుపోతున్నాయి. తెగులేమో అనుకున్నాం. పక్క పొలం బాబాయి వచ్చి, "మందు తర్వాత కొడుదువుగానీ, ముందు వేరు చూడు" అన్నాడు. మొక్క పీకితే వేళ్ల దగ్గర మట్టి పొడిగా ఉంది. పైపులో ఇంకో చెంబు నీళ్లు పోశాం. చాలాసేపు చూసినా మట్టం దిగలేదు. మాది నల్లరేగడి, బంకమట్టి కన్నాలన్నీ మూసేసి అడుగున కూడా పేరుకుంది. లోపల కనిపిస్తున్నవి అంతకు ముందు మడికి పెట్టినప్పుడు చేరి నిలిచిపోయిన నీళ్లు. పైపు ఇచ్చినవాళ్లు ఫోన్లో ఫొటో ఎలా తీయాలో చెప్పారు గానీ ఈ సంగతి చెప్పలేదు. ఇప్పుడు పైపుకు దోమతెర గుడ్డ చుట్టి, లోపలి మట్టి పూర్తిగా తోడి పాతుతున్నాను. చెంబు నీళ్ల పరీక్ష కూడా తప్పకుండా చేస్తాను.

ఇలా పైపు చూసి నీళ్లు పెడితే 30 శాతం దాకా మిగులుతాయని ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు చెబుతారు. మొదట్లో నేనూ ఊళ్లో అదే చెప్పాను. అది బాగా చదునైన మడిలో మాట. మా మిట్ట మూల ముందే ఆరిపోతుంది, అక్కడ కలుపు ఎక్కువ, కూలి ఖర్చూ ఎక్కువే. ఇక పూత సమయంలో పైపును పట్టించుకోకుండా 5 సెంటీమీటర్ల నీళ్లు నిలపాల్సిందే.

తెలంగాణలో 2018 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి బిల్లులో ఏమీ మిగలదు. మిగిలేది బోరులో నీళ్లే, నాకు కావలసిందీ అదే. మడి ఆరినప్పుడు మట్టికి గాలి తగిలి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు దాదాపు సగం తగ్గుతుందంటారు. మంచిదే. కానీ అలా తగ్గించినందుకు రైతుకు వస్తాయన్న కార్బన్ డబ్బులు మాకు ఇంకా అందలేదు, వాటిని నమ్ముకుని పెట్టుకోమని ఎవరికీ చెప్పను.

సొంత బోరు ఉండి, మోటారు మన చేతిలో ఉంటే పెట్టుకోండి. చెరువు కింద వంతులవారీగా నీళ్లు వచ్చే మా చిన్న మడిలో తీసేశాను. అక్కడ వంతు వచ్చినప్పుడే నీళ్లు పెట్టుకోవాలి, పైపు చూసి ఆగే వీలు లేదు. బోరు మడిలో మాత్రం ఈసారి మిట్ట మూలలో ఇంకొకటి పాతుతున్నాను.