75 ఎం.ఎం. బౌల్ ట్రైపాడ్: గండికోట రాళ్ళ మీద చాన్నాళ్ళు వాడినాక

ఈ ట్రైపాడ్ నాకింత నచ్చడానికి కారణం ఒక్కటే, హెడ్డు (కెమెరా కూర్చుని తిరిగే పై భాగం) కింద ఉన్న గిన్నె. అదే, 75 ఎం.ఎం. బౌల్. ఎంత బరువు మోస్తుంది, ఎంత ఎత్తు లేస్తుంది అన్నవి డబ్బా మీదే రాసుంటాయి కాబట్టి వాటి జోలికి పోను.

మా పని ఎక్కువగా కడప చుట్టుపక్కలే. షార్ట్ ఫిల్ములు, గుళ్ళ మీద చిన్న చిన్న డాక్యుమెంటరీలు, మధ్యలో పెళ్ళిళ్ళు. ఏ కథ పట్టుకున్నా గండికోటకు ఒకసారి పోవాల్సిందే. అక్కడ పెన్న లోయ అంచున కెమెరా నిలబెట్టినోళ్ళకు తెలుసు, మూడు కాళ్ళకూ ఒకే మట్టంలో చోటు దొరకదు. ఒక ఎర్రరాయి పైకి, ఇంకోటి కిందికి, మధ్యలో సందు. ఫోటోలు తీసే మామూలు ట్రైపాడ్ అయితే ఒక కాలు పొడుగు చెయ్యాలి, ఇంకోటి తగ్గించాలి, మట్టం చూపే బుడగ చూడాలి, మళ్ళీ మొదటి కాలు దగ్గరికి రావాలి. ఈలోగా పొద్దు వాలిపోతుంది. బాల్ హెడ్‌తో (గుండు మీద ఎటైనా వంగే హెడ్డు) కెమెరాను నిటారుగా పెట్టొచ్చు కదా అంటారు. కదలని షాట్‌కు పెట్టొచ్చు. పాన్, అంటే కెమెరాను అడ్డంగా తిప్పే షాట్, అయితే అది తిరిగే ఇరుసే కింద వాలి ఉంటే మాత్రం, ఎడమ చివర సరిగ్గా ఉన్న కొండల గీత కుడి చివరికి వచ్చేసరికి ఒరిగిపోతుంది. లోయ పొడవునా పాన్ చేస్తే ఆ ఒరగడం పిల్లోళ్ళకు కూడా కనబడుతుంది.

బౌల్ ఉంటే కాళ్ళు ఎక్కువ తక్కువలుగా ఉన్నా ఇబ్బంది లేదు, గట్టిగా నిలబడితే చాలు. కింద పిడి వదులు చేసి, హెడ్డు మొత్తాన్ని గిన్నెలో అటూ ఇటూ వాల్చి, బుడగ నడిమికి రాగానే బిగించడమే. మేస్త్రి రసమట్టం పెట్టి చూసినంత సేపు కూడా పట్టదు. వెలుతురు పోతున్నప్పుడు ఒక షాట్‌కు బదులు మూడు షాట్లు దొరికేది ఇందుకే.

ఆ పిడే ఒకసారి మాకు చెయ్యిచ్చింది.

మసీదు, ధాన్యాగారం దాటి లోయ అంచుకు పోయినాం. మా కథలో అమ్మాయి రాళ్ళ మీద నడిచొచ్చి ఆగుతుంది, కెమెరా ఆమెను వదిలేసి నెమ్మదిగా నది వైపు తిరగాలి. రిహార్సల్ బాగా వచ్చింది. టేకులో సగం పాన్ అయినాక ఫ్రేము ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. గాలి అనుకున్నా. చూస్తే హెడ్డు కెమెరాతో సహా గిన్నెలో పక్కకు వాలిపోతా ఉంది. రెండు చేతులా వాటేసుకుని పట్టుకున్నా. మా బామ్మర్ది కిందికి వంగి పిడి తిప్పి చూసి, “బావా, ఇది ఉత్తగా తిరుగుతాండాది, పట్టడంల్యా” అన్నాడు. విప్పి చూస్తే సంగతి తెలిసింది. పిడి ప్లాస్టిక్కుది. మర ఉన్న ఇత్తడి ముక్కను అందులో కూర్చినారంతే. ప్లాస్టిక్కు లోపల అరిగిపోయి ఇత్తడి ముక్క వేరుగా, పిడి వేరుగా తిరుగుతున్నాయి. ఎంత తిప్పినా బిగుసుకునేది ఏమీ లేదు. కారు డిక్కీలో ఉన్న కటింగ్ ప్లేయర్‌తో ఆ ఇత్తడి అంచునే పట్టి బిగించినాం. ఆ పూట మిగిలిన షాట్లన్నీ అదే చోటి నుంచి, అదే లెవెల్‌తో తీసినాం.

పిడి ఒక్కటే ఇవ్వండని అమ్మినోళ్ళను అడిగితే విడిగా రాదన్నారు, హెడ్డు మొత్తం కొనాలంట. ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువులో బరువంతా ఆపే చోట ప్లాస్టిక్కు పెట్టడం మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. చివరికి ప్రొద్దుటూరులో బోరు మోటార్ల సామాన్లు చేసే లేత్ షాపుకు తీసుకుపోయినా. ఆయన పాత ఇత్తడి ముక్కను చేతిలో తిప్పి చూసి, మర కొలత తీసి, ఇనుప కడ్డీ నుంచి కొత్త పిడి తీసిచ్చినాడు. చెమట చేతికి జారకుండా చుట్టూ సన్నటి అడ్డగీతలు కూడా కొట్టినాడు, నేను అడక్కుండానే. 300 రూపాయలు తీసుకున్నాడు. అప్పటి నుంచి హెడ్డు ఒక్కసారి కూడా కదల్లేదు.

పాన్ మెత్తగా తిరుగుతుందని నేను చాలామందికి చెప్పినా. సాయంత్రాలు మెత్తగానే తిరుగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మాత్రం లోపలి గ్రీజు పలచబడి, డ్రాగ్ (హెడ్డు తిరగడాన్ని బరువు చేసే బిగింపు) పూర్తిగా బిగించినా చేతికి వదులుగా తగులుతుంది. కొన్నాళ్ళు వాడకుండా మూలన పెడితే మొదటి పాన్ చిన్న కుదుపుతో మొదలవుతుంది, కాబట్టి షూటింగ్‌కు ముందు హెడ్డును నాలుగు చుట్లు ఊరికే తిప్పుకోవాలి. టిల్ట్‌లో, అంటే కెమెరాను పైకీ కిందికీ వంచే చోట, ఉన్న స్ప్రింగు కూడా మార్చుకునే రకం కాదు, బరువైన కెమెరాకని పెట్టింది. మా చిన్న మిర్రర్‌లెస్ కెమెరా లెన్సుతో కలిపి 2 కిలోలు. కిందికి వంచి చెయ్యి వదిలితే మళ్ళీ పైకి లేస్తుంది. కేజ్ (కెమెరా చుట్టూ బిగించే చట్రం) వెనక వి-మౌంట్ అనే బరువైన బ్యాటరీ తగిలించినాక చాలావరకు దారికొచ్చింది. కడప బండలు పరిచిన ఇళ్ళలో కాళ్ళు జారతాయి, నడుమున మూడు కాళ్ళనూ కలిపి పట్టే స్ప్రెడర్ లాక్ చేస్తే ఆగుతాయి.

బరువు సంగతి దాచను. హెడ్డుతో కలిపి 5 కిలోల పైనే. గండికోట గాలికి ఆ బరువే మాకు అండ. ఎగువ అహోబిలం దాటి జ్వాలా నరసింహస్వామి దాకా మోసుకుపోయిన రోజు మాత్రం ఇద్దరికీ భుజాలు పట్టేసినాయి. మాకు కారుంది, మోయడానికి ఇంకో మనిషి ఉన్నాడు, పాన్ షాట్లు ఎక్కువ. బైకు మీద ఒక్కరే తిరుగుతూ తీసేవాళ్ళకు నేను దీన్ని కొనమని చెప్పలేను. మామూలు ట్రైపాడ్ మీద విడిగా దొరికే లెవెలింగ్ బేస్ (హెడ్డు కింద పెట్టి మట్టం సరిచేసుకునే ముక్క) వేసుకుంటే వాళ్ళకు సరిపోవచ్చు. 100 ఎం.ఎం. బౌల్ పెద్ద సినిమా కెమెరాలకు పనికొస్తుంది, మా కెమెరా మారేదాకా నేనటు పోను. ఈ రకమే కొనాలనుకుంటే షాపులోనే హెడ్డు కింద చెయ్యి పెట్టి, పిడిని నాలుగైదుసార్లు గట్టిగా బిగించి, వదిలి చూడండి. అది ప్లాస్టిక్కుదైతే మంచి లేత్ షాపు ఎక్కడుందో కూడా అప్పుడే కనుక్కోండి.