ఫారిన్ ట్రిప్‌లో రోజు ఖర్చుకి ఫారెక్స్ కార్డు: కొన్నేళ్లు వాడాక నా రివ్యూ

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. ఇక్కణ్ణుంచే సింగపూర్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఉండటంతో హైదరాబాద్ వెళ్లి ఎక్కే బాధ లేదు, దాంతో మా ఇంట్లో అందరికీ విమానం పిచ్చి పట్టుకుంది. సింగపూర్, మలేషియా, బ్యాంకాక్, వియత్నాం అన్నిటికీ ఈ ఫారెక్స్ కార్డే, అంటే ముందే విదేశీ కరెన్సీ నింపుకుని అక్కడ గీకే కార్డు, పట్టుకెళ్లాం. బ్యాంకు పేరు రాయట్లేదు, ఎందుకంటే ప్రీపెయిడ్ మల్టీ కరెన్సీ కార్డులు ఏ బ్యాంకువైనా ఇంచుమించు ఇలాగే పనిచేస్తాయి, తేడా అంతా యాప్‌లోనూ ఛార్జీల్లోనూ ఉంటుంది.

ముందే ఒక మాట. రేటు బాగుంటుందని ఎవరైనా చెప్తే నమ్మి కొనకండి. గూగుల్‌లో కనిపించే రేటు మనకి ఎవరూ ఇవ్వరు, కార్డులో లోడ్ చేసేటప్పుడే బ్యాంకు తన మార్జిన్ వేసుకుంటుంది, పైన జీఎస్టీ. ఇప్పుడు జీరో మార్కప్ (విదేశంలో గీకితే కరెన్సీ మార్పిడికి అదనపు ఛార్జి వెయ్యని) క్రెడిట్, డెబిట్ కార్డులు వచ్చాయి, రేటు ఒక్కటే చూసుకుంటే చాలాసార్లు అవే నయం. నేను ఇంకా ఇదే ఎందుకు వాడుతున్నానంటే రోజు లెక్క కోసం. కార్డులో ఎంత వేశామో అంతే, అది దాటి గీకడానికి లేదు, ప్రతి ఖర్చూ యాప్‌లో పడుతుంది, పుస్తకం పెన్ను పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

కాకపోతే బడ్జెట్ ఎలా వేసుకుంటామన్నదాన్ని బట్టే ఇది పనికొస్తుంది. చాలామంది మొత్తం ఖర్చు తీసుకుని రోజులతో భాగించి "రోజుకి ఇంత" అంటారు చూడండి, అది నాకు అస్సలు నచ్చదు. సింగపూర్‌లో థీమ్ పార్కులుండే సెంతోసా దీవికి వెళ్లి టికెట్లు కొన్న రోజూ, మెరీనా బే దగ్గర ఊరికే నడిచిన రోజూ ఒకటే ఎలా అవుతాయి? అందుకని ఫ్లైటు, హోటలు, పెద్ద టికెట్లు అన్నీ ఇక్కడే రూపాయల్లో కట్టేసి వాటిని రోజు లెక్కలోకి రానివ్వను. తిండి, లోకల్ ట్రైన్లు బస్సులు, నీళ్లు, టీ, ఐస్‌క్రీములు, చిన్నాచితకా కొనుగోళ్లు మాత్రమే కార్డులో వేస్తాను. సింగపూర్‌లో మా ముగ్గురికి (నేను, మా ఆయన, అత్తయ్య) రోజుకి 90 సింగపూర్ డాలర్లు పెట్టుకుంటే హాయిగా సరిపోతోంది, అది కూడా రెండు పూటలు హాకర్ సెంటర్లో (చవక తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉంటాయి) తింటేనే సుమా. దిగిన రోజుకి మాత్రం ఒకటిన్నర రెట్లు పెడతాను, సిమ్మనీ టాక్సీ అనీ ఆ రోజు ఎలాగూ చేతులు దాటిపోతుంది.

అత్తయ్యతో తిరిగితే రూపాయల గొడవ తప్పదు. లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ అని పెద్ద హాకర్ సెంటర్ ఉంది, కింద మార్కెట్టు, చేపల వాసన, అచ్చం మన వైజాగ్ పూర్ణా మార్కెట్‌కి చుట్టంలా ఉంటుంది. అక్కడ దోసె నాలుగు డాలర్లు. ఆవిడ 70తో గుణించి, "దోసె రెండొందల ఎనభయ్యా, ఏటమ్మా ఇది" అని ప్లేటు నా వైపు తోసేశారు. "అత్తయ్యా, ఇక్కడున్నన్నాళ్లు రూపాయి మాట వద్దు, మనకి రోజుకి 90 ఉంది, అందులో 12 అయింది, అంతే" అన్నాను. ఆ రాత్రి నుంచి ఆవిడే నా ఫోన్ తీసుకుని "ఇంకెంతుంది మనకి" అని చూడటం మొదలుపెట్టారు, డబ్బులు మిగిలిన రోజున ఐస్‌క్రీమ్ కూడా ఆవిడే అడిగేవారు. రోజు లిమిట్ అక్కడి కరెన్సీలోనే ఉండాలని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

సింగపూర్ మాల్స్‌లో, మంచి రెస్టారెంట్లలో మాత్రం మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయేమో చూసుకోండి. పది శాతం సర్వీస్ ఛార్జి, దాని మీద 9 శాతం అక్కడి జీఎస్టీ. 20 అని రాసుంటే బిల్లు 23.98 వస్తుంది. ముగ్గురు తింటే ఆ తేడాతోనే హాకర్ సెంటర్లో ఇంకో భోజనం అయిపోతుంది. నీళ్ల సీసాలు కొనడం కూడా దండగ, అక్కడ కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా తీసుకెళ్తే చాలు.

ఇక కార్డు మీద నా కోపాలు. యాప్‌లో చూపించే బ్యాలెన్స్ అన్నిసార్లూ నిజం కాదు. సింగపూర్ మెట్రో ఎంఆర్‌టీలో కార్డు నేరుగా ట్యాప్ చేసి వెళ్లిపోవచ్చు, బాగానే ఉంటుంది గానీ డబ్బులు అప్పటికప్పుడు కట్ కావు, పోగేసి తర్వాతెప్పుడో ఒకేసారి పడతాయి, పైగా బయటి దేశం కార్డు కాబట్టి వాడిన రోజుకి 60 సెంట్లు అదనం. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడానికి కుదరదు, మా కిట్‌లో రెండు కార్డులు ఇచ్చారు కాబట్టి సరిపోయింది, అత్తయ్యకి విడిగా ఈజీ లింక్ అనే అక్కడి ట్రైన్, బస్సు కార్డు కొన్నాం. నేను ట్రైన్లకి రోజుకి 15 డాలర్లు ముందే మనసులో తీసేసి మిగతాదే బ్యాలెన్స్ అనుకుంటాను.

ఇంకా చిరాకు హోటల్ డిపాజిట్. ఒక హోటల్లో చెకిన్ అప్పుడు కార్డు అడిగి 200 డాలర్లు బ్లాక్ చేశారు, అది ఖర్చు కాదు, అయినా మన చేతిలో ఉండదు, ఖాళీ చేసి వచ్చేసినా వెంటనే వదల్లేదు, మేం వైజాగ్ వచ్చి బట్టలు ఉతుక్కున్నాక వెనక్కి పడింది. అంటే రెండు రోజుల బడ్జెట్ గాల్లో ఉండిపోయింది. డిపాజిట్‌కి ఎప్పుడూ క్రెడిట్ కార్డే ఇవ్వండి, ఫారెక్స్ కార్డు బయటికి తియ్యకండి. మలేషియాలో అయితే విదేశీయులకి రూముకి రాత్రికి 10 రింగిట్ల టూరిజం ట్యాక్స్ ఉంటుంది, బుకింగ్‌లో కలవకపోతే కౌంటర్లో కట్టాలి, ఇది రోజు లెక్కలో రాసుకోవాల్సిందే.

షాపుల్లో మెషీన్ మీద రూపాయల్లో కడతారా, అక్కడి కరెన్సీలోనా అని వస్తుంది చూడండి, ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కాలి. రూపాయి అంటే మనకి సుఖంగా అనిపిస్తుంది గానీ వాళ్ల రేటుకి మార్చి, మన కార్డులో ఉన్న డాలర్ల నుంచి మళ్లీ మార్చి రెండుసార్లు గీరేస్తారు. కొందరు క్యాషియర్లు మనల్ని అడక్కుండానే నొక్కేస్తారు, అందుకే స్లిప్ చేతికొచ్చాక ఒకసారి చూడటం నాకు అలవాటైపోయింది.

బ్యాంకాక్‌లో ఈ కార్డు సగం పనే చేసింది. రోడ్డు మీద తిండి దగ్గర క్యాష్ లేదా వాళ్ల క్యూఆర్, మన కార్డుకి అక్కడ విలువ లేదు. ఏటీఎంకి వెళ్తే వాళ్ల బ్యాంకు ప్రతిసారి 220 బాత్‌లు తీసుకుంది, వెయ్యి తీసినా పది వేలు తీసినా అదే, పైన మన బ్యాంకు ఛార్జి వేరు. కాబట్టి తీస్తే ఒకేసారి తీసి రోజువారీగా కవర్లలో పెట్టుకోవడమే. వియత్నాంకి అయితే నా కార్డులో వాళ్ల కరెన్సీ డాంగ్ వేసుకునే వీలు లేదు, ఏది గీకినా అమెరికన్ డాలర్ల నుంచి మారుతూ క్రాస్ కరెన్సీ ఛార్జి పడుతుంది. అక్కడికి అమెరికన్ డాలర్ నోట్లు తీసుకెళ్లి మార్చుకున్నాం, ఆ సున్నాలు చూసి మా ఆయన టీ కొట్టు దగ్గర లక్షాధికారిలా నిలబడ్డారు.

కొనడం గురించి. వైజాగ్ ద్వారకానగర్‌లో ఈ కార్డులు అమ్మే రెండు మూడు చోట్లకి ఫోన్ చేసి "అన్నీ కలిపి చేతికి ఎంత పడుతుంది" అని ఒకటే ప్రశ్న అడగండి, రేటు తక్కువ చెప్పి కార్డు ఫీజు, లోడింగ్ ఫీజు వేరే వేసేవాళ్లు ఉన్నారు. జీఎస్టీ అంటే భయపడక్కర్లేదు, లక్ష రూపాయల కరెన్సీ మీద 180 రూపాయలే. పాస్‌పోర్టు, పాన్, టికెట్ అడుగుతారు. టీసీఎస్ (విదేశీ ఖర్చు మీద ముందే పట్టుకునే పన్ను) గురించి కూడా చాలామంది అడుగుతున్నారు, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటితేనే, మనలాంటి వాళ్ల తిండి ఖర్చుకి అది తగలదు. నోట్ల రూపంలో అయితే మనిషికి 3000 అమెరికన్ డాలర్ల వరకే.

బయల్దేరే ముందు ఇండియా సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించుకోండి, టాక్సీ యాప్‌లో కార్డు ఎక్కించాలన్నా, లాక్ అయితే తెరవాలన్నా ఓటీపీ దానికే వస్తుంది. మా బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఇక్కణ్ణుంచి చేస్తేనే మనిషి దొరకడు, అక్కణ్ణుంచి ఆశ పెట్టుకోవద్దు.

తిరిగొచ్చాక మిగిలింది వెనక్కి తీసుకుంటే బ్యాంకు మన దగ్గర కొనే తక్కువ రేటు కట్టి ఇస్తారు, అక్కడ మళ్లీ కొంచెం పోతుంది. మళ్లీ వెళ్లే ఊరైతే అందులోనే వదిలేయండి, కాకపోతే వాడకుండా ఉంచితే ఛార్జి ఉందేమో, కార్డు గడువు ఎప్పటివరకో చూసుకోండి. ఒక్కరే వెళ్లేవాళ్లకి, ఖర్చు మీద పట్టున్నవాళ్లకి జీరో మార్కప్ కార్డు చాలు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తూ లెక్క అందరికీ కనిపించాలనుకుంటే ఇది తీసుకోండి. నా రేటింగ్ అయిదుకి మూడున్నర, ఆ అర కూడా అత్తయ్య ఇప్పించిందే.